మన్యము నుండి లోకసభకు: గాం మల్లుదొర

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోవు ప్రాంతమున, మా కొత్తపల్లెలో నిలిచి తూర్పుగా చూచినచో, నల్లరేగడి చేల కావల నల్లమల కొండలు కానవచ్చును. కనుమనాడు, ఆ కొండల పాదమునగల దిగువ అహోబిలము నుండి జ్వాలానరసింహస్వామియు ప్రహ్లాదవరదస్వామియు పల్లకి నెక్కి పారువేటకు బయలుదేరు వేళ, చెంచులు విల్లంబులతో వచ్చి, పల్లకివైపు బాణములు విడిచి, ఉత్సవమునకు నాంది పలుకుదురు. చెంచులక్ష్మిని పరిణయమాడినవాడు గనుక నరసింహుడు వారికి అల్లుడు. అటుపిమ్మట 40 దినములకు పైగా, 30కి మించిన గ్రామములు తిరిగి, ఆ అల్లుడు తన కల్యాణమునకు జనులను తానే పిలుచుకొనును. ఊరి నడుమ పల్లకి దింపినపుడు పసుపుకుంకుమలతో, టెంకాయలతో ఎదురేగు గృహిణులలో, ఆ స్వామిని అడవిబిడ్డ మగనిగా గాక వేరుగా తలచువారు మా ప్రాంతమున లేరు.

దేవుని సన్నిధిని ఇట్టి బంధుత్వము గల జాతికి శాసనములు చేయు సభలో చోటేది యని విచారించినచో, మనస్సునకు కష్టము కలుగును. మా నంద్యాల లోకసభ నియోజకవర్గము సామాన్యమైనది కాదు. 1977లో నీలం సంజీవరెడ్డిగారు ఇచటినుండియే గెలిచి, ఆ యేటనే రాష్ట్రపతియైరి. ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారు 1991లో జరిగిన ఉపయెన్నికయందు ఇచటినుండియే లోకసభకు పోయిరి. ఇంతటివారిని పంపిన ఈ సీమలో గిరిజనులకు ప్రత్యేకింపబడిన స్థానము మాత్ర మొక్కటియు లేదు. ఆంధ్రప్రదేశమున నేడు షెడ్యూల్డు తెగలకుగల 7 శాసనసభా స్థానములును, పాలకొండ మొదలు పోలవరము వరకు, ఉత్తరపు కొండలలోను గోదావరి తీరమునను ఉన్నవేగాని రాయలసీమ కొక్కటియు రాలేదు. కావున అడవిలో పుట్టి పెరిగిన మనుష్యుడు శాసనకర్తయైన కథను చెప్పవలెనన్నచో, నల్లమలను విడిచి విశాఖ మన్యమునకు పోక తప్పదు.

గూడెము కొండలలోని బట్టిపనుకుల గ్రామమునకు మునసబుగా నుండిన గాం గంటందొరకు గాం మల్లుదొర సోదరుడు. ఈ సోదరులు పుట్టిన మన్యమునకు 'ఏజెన్సీ' యను పేరు వచ్చిన విధమును మనవారిలో పలువు రెరుగరు. 1839 నాటి చట్టమొకటి ఆ కొండ ప్రాంతములను సామాన్య న్యాయస్థానముల పరిధి నుండి తొలగించి, జిల్లా కలెక్టరునే గవర్నరునకు ఏజెంటుగా నియమించి, దండించుటయు తీర్పు చెప్పుటయు నను రెండధికారములను అతనిచేతికే ఇచ్చెను. ఆ ఏజెంటు ఏలిన భూమి గనుక అది ఏజెన్సీ. కొండవాని బ్రదుకునుగూర్చిన ప్రతి నిర్ణయమును మైదానమున కూర్చున్నవారు చేసిరి. ఆ నిర్ణయమున అతని మాట లేదు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము వచ్చిన పిమ్మట, కొండవాలున చెట్లు నరికి, ఎండిన కొమ్మలకు నిప్పుపెట్టి, వాన కాలమునకు ముందు ఆ బూడిదలో చోళ్లును సామలును చల్లి బ్రదుకు పోడు వ్యవసాయము నేరమయ్యెను. తాతల నాటినుండి కోసుకొనుచున్న కట్టెకు, మేపుకొనుచున్న పచ్చికకు అనుమతి అడుగవలసి వచ్చెను. ఆపైన, నర్సీపట్టణము నుండి చింతపల్లికి బాట వేయించు పనిలో గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను కొండవారిచే గొడ్డుచాకిరి చేయించి, న్యాయమైన కూలి ఇయ్యకుండుటతో వారి ఓరిమి నశించెను.

అల్లూరి సీతారామరాజు పితూరీకి గాం సోదరులు కుడియెడమల భుజములై నిలిచిరి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా దాడులు జరిగెను. దోచుకొన్న తుపాకుల లెక్కను ఠాణా డైరీలోనే వ్రాసి, క్రింద సీతారామరాజు చేవ్రాలు చేసి పోవుట ఆ దాడుల విశేషము. ఏజెంటు కాగితములు తప్ప వేరు శాసన మెరుగని మన్యమున, ఆ కాగితముపైననే ఎదురువ్రాత వ్రాయబడిన దినములవి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను ఇద్దరు తెల్ల అధికారులు హతులైరి. మలబారు పోలీసులు చాలక, అస్సాం రైఫిల్సు దళములను గూడ దింపవలసి వచ్చెను.

1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడెను. 1924 మే 7న సీతారామరాజును కాల్చి చంపిరి. ఒక నెల తిరుగునప్పటికి గంటందొరయు నేలకొరిగెను. అన్నయు నాయకుడును పోయిన పిమ్మట బ్రదికియుండి, దీర్ఘకారాగారవాసము ననుభవించి, తిరిగి తన కొండల ముఖము చూడగలిగినవాడు మల్లుదొర. పితూరీవీరుల కథలు చెప్పు మనవారు వారి మరణముతోనే కథను ముగించుట వాడుక. బ్రదికినవాని కథ అంతకంటె తక్కువది కాదని నా అభిప్రాయము.

కొండవానిని శాసనసభకు రప్పించు తలంపు తెల్లదొరల పాలన చివరిదశయందు కొంచెము పొడసూపినది. 1935 నాటి చట్టము ప్రకారము మద్రాసు శాసనసభలో వెనుకబడిన తెగలకొక్క స్థానము దక్కెను. స్వతంత్ర రాజ్యాంగమున 330వ, 332వ అధికరణములు వచ్చినతోడనే గిరిజనులకు జనసంఖ్యనుబట్టి స్థానములు ఏర్పడెను. ప్రథమ సార్వత్రికయెన్నికలలో విశాఖపట్టణము ద్విసభ్య నియోజకవర్గము. ఇద్దరు సభ్యులను ఒకేచోట ఎన్నుకొనవలెను; అందొకటి గిరిజన స్థానము. ప్రతి ఓటరునకు రెండు ఓట్లు. అభ్యర్థి కొక పెట్టె చొప్పున, పెట్టెపై గుర్తు అతికించి, తెరమరుగున వరుసగా ఉంచిరి; అక్షరము రానివాడు గూడ తన కిష్టమైన గుర్తుగల పెట్టెలో కాగితము వేసి రావచ్చును. ఓటుపై ముద్ర వేయు పనియు నాడు లేదు. పోడునకు అనుమతి అడుగుటకై అటవీ కచేరి గుమ్మమున నిలువవలసివచ్చిన చేతులే ఆ కాగితములను పెట్టెలలో వేసినవి. 1952లో ఆ నియోజకవర్గము నుండి విద్వాంసుడును పత్రికారచయితయునైన లంకా సుందరముగారును, గాం మల్లుదొరయు స్వతంత్ర అభ్యర్థులుగా గెలిచి, మే మాసమున సమావేశమైన ప్రథమ లోకసభయందు పక్కపక్కనే ఒక నియోజకవర్గమునకు ప్రతినిధులైరి. ఎవని తలకై దళములు కొండలు గాలించినవో, ఆ మనుష్యుడు కాంగ్రెసు పార్టీ అండయు లేకుండ, జనుల ఓట్లతో దేశపు మహాసభకు పోయెను. 1969లో ఆయన కన్నుమూసెను.

ద్విసభ్య పద్ధతి 1961 నాటి చట్టముతో రద్దయ్యెను. స్థానములు భూభాగములను బట్టి విడివిడిగా ఏర్పడెను. మన్యమునకు ఇది నష్టము చేయలేదు. కొండలలో గిరిజనులు గుంపుగా నున్నారు గనుక వారి స్థానములు నిలిచినవి. పార్వతీపురము మొదలగు స్థానములనుండి పలుమార్లు గెలిచిన వైరిచర్ల కిశోరచంద్రదేవుగారు, అటవీహక్కుల బిల్లును పరిశీలించిన సంయుక్త పార్లమెంటరీ సంఘమునకు అధ్యక్షులైరి. ఆ బిల్లే 2006లో చట్టమయ్యెను. 1882లో మన్యపువానికి మాట లేకుండ చేసిన చట్టము ఒక ప్రక్కనుంచి, గిరిజన స్థానమునుండి వచ్చిన సభ్యుని ఆధ్వర్యమున రూపొందిన ఈ చట్టము మరొక ప్రక్కనుంచి చూచినచో, మధ్యనున్న నూటయిరువదినాలుగేండ్ల దూరము తెలియును.

నష్టము జరిగినది చెదరియున్నవారికి. చెంచుల గూడెములు నల్లమలకు అన్ని వైపుల నున్నవి. ఒక గూడెమున కొన్ని యిండ్లు, మరొకటి చేరుటకు కొన్ని మైళ్లు. జిల్లాల సరిహద్దులే గాక నేడు రెండు రాష్ట్రముల సరిహద్దుగూడ వారి నడుమ నున్నది. భూభాగమును కొలిచి సీటు పంచు పద్ధతిలో వారి సంఖ్య ఎక్కడను కూడిరాదు. తైవాను ద్వీపమున వేరొక పద్ధతి కలదు. అచటి శాసనసభలోని 113 స్థానములలో ఆరింటిని ఆదివాసులకు, కొండవారికి మూడు, మైదానపువారికి మూడు చొప్పున ప్రత్యేకించి, దేశమంతయు ఒకే నియోజకవర్గముగా భావించి ఓట్లు లెక్కింతురు. అందుచేత ఏ మూల నున్న ఆదివాసి ఓటైనను తనవారి ఓట్లతోనే కలియును. న్యూజిలాండులో 1867నుండియే మావోరీలకు ప్రత్యేక స్థానములు గలవు. వారు ఏ ఊరనున్నను ఆ స్థానముల ఓటర్ల జాబితాలో చేరవచ్చును. మన దేశమున ఇట్టి యోచన చేయుట కష్టమని నేను నమ్మను. చేయవలెనను కోరిక యుండవలెను.

అహోబిలము చెంచులు ఓటు వేయుట ఆళ్లగడ్డ నియోజకవర్గమున. అది జనరల్ స్థానము. ఏటేట కనుమనాడు వారు విల్లు పట్టి పల్లకికి ఎదురుగా నిలుచుచున్నారు. బాణము విడిచిన పిమ్మటగాని అల్లుడు ఊళ్లవైపు కదలడు.