కరోనా రోజుల్లో పొగాకు నేల: బీడీ ఆగింది, మళ్లీ ఎలా వచ్చింది?

పోస్ట్ కొంచెం పొడుగే, ఓపికగా చదవండి. కరోనా గురించి మన గ్రూపులో చాలా రాసుకున్నాం. కూలీ పోవడం, ఆన్‌లైన్ క్లాసులు, ఫోన్ లేకపోవడం అన్నీ వచ్చాయి. మన తండాల్లో, గూడేల్లో బీడీ, చుట్ట, ఖైనీ సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. రోగం వచ్చినప్పుడు పొగ అలవాటు ఏమవుతుందో చెప్పడానికి మన గుంటూరు, ప్రకాశం కంటే మంచి చోటు లేదనిపించింది, అందుకే రాస్తున్నా.

ముందు నేల చరిత్ర. పత్తి, మిర్చితో పాటు ఇది పొగాకు నేల. ఐఎల్‌టీడీ కంపెనీ బ్రిటిష్ కాలంలోనే గుంటూరు, చీరాల వైపు పాతుకుపోయింది. 1976లో పెట్టిన పొగాకు బోర్డు ఆఫీసు కూడా గుంటూరులోనే ఉంది. టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలిలో వేలం కేంద్రాలు ఉన్నాయి.

ఈ చరిత్రలో మనవాళ్లూ ఉన్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1913లో ఎలా పుట్టిందో తెలుసు కదా. ఎరుకల కుటుంబాల మీద నేరస్థ తెగలు అని ముద్ర వేసి, సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టి, కాపలా మధ్య ఉంచారు. అక్కడివాళ్లను పనికి పంపిన చోట్లలో చీరాల ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీ ఒకటి. ఆ చట్టం దేశమంతటా పోయింది 1952లో. అంటే పొగాకు మనకు అలవాటుగా మాత్రమే రాలేదు, బలవంతపు కూలీగా కూడా వచ్చింది.

ఇప్పుడు 2020కి వద్దాం. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. గుంటూరు మిర్చి యార్డు మూతపడింది, పొగాకు వేలం ఆగిపోయింది. మిర్చి కోతలకు వేరే జిల్లాల నుంచి వచ్చిన కూలీలు చేలల్లోనే ఇరుక్కుపోయారు. ఏప్రిల్ 15న కేంద్ర హోం శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో మద్యం, గుట్కా, పొగాకు అమ్మకం నిషేధం, బయట ఉమ్మడం నిషేధం అని ఉంది. మే మొదట్లో సడలించి అమ్ముకోనిచ్చారు గానీ, బహిరంగంగా వాడకూడదన్నారు.

మా తండాలో ఆ వారాల్లో నేను చూసింది మూడు రకాలు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి, హాస్టల్ మూసేసి ఇంటికి పంపారు.

ఒకటి, పంచుకోవడం ఆగింది. అంతకుముందు ఒక బీడీని నలుగురు తిప్పుకుని తాగేవాళ్లు. ఎవరి నోటిది ఎవరికి అంటుకుంటుందోనని భయం పట్టుకుంది. దశాబ్దాలుగా డాక్టర్లు చెప్పినా ఆగనిది పది రోజుల్లో ఆగింది.

రెండు, కొందరు డబ్బుల్లేక మానేశారు. బడ్డీ కొట్టు ముందు మూసి ఉండేది, వెనక తలుపులో బీడీ కట్ట రెట్టింపు ధర. కూలీ లేని ఇంట్లో బియ్యమా బీడీనా అంటే బియ్యమే కదా.

మూడు, ఇది మన ప్రాంతానికే ప్రత్యేకం. కొట్టు మూయొచ్చు గానీ చేను మూయలేరు. బ్యారన్ల దగ్గర రాలిన ఆకు, చెత్తాకు తెచ్చి చుట్ట చుట్టుకున్నారు, నలిపి నోట్లో పెట్టుకున్నారు. పొగ తగ్గినవాళ్లకు నములుడు పెరిగింది. అమ్మకం ఆపితే అలవాటు ఆగుతుందనే లెక్క పొగాకు పండే ఊళ్లో తప్పింది.

ఇంకోటి, పొగే మందు అనే మాట. చుట్ట తాగితే వైరస్ చస్తుందని మా పెద్దవాళ్లు అన్నారు. నవ్వకండి. 1665లో లండన్ ప్లేగు అప్పుడు ఈటన్ అనే పెద్ద బడిలో పిల్లల చేత పొగ తాగించారనీ, తాగనివాణ్ణి కొట్టారనీ ఒక పాత డైరీలో రాసి ఉంది. 2020 ఏప్రిల్‌లో ఫ్రాన్సులో పరిశోధకులు కూడా నికోటిన్ కాపాడుతుందేమో అన్నారు. మే 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది: పొగ తాగేవాళ్లకు కరోనా వస్తే ముదిరే ప్రమాదం ఎక్కువ. భయం వేసినప్పుడు చేతిలో ఉన్నదాన్నే మందు అనుకోవడం చదువుకున్నవాళ్లకూ ఉంది, మనకే కాదు.

అలవాటును సాయం లేకుండా కోసేస్తే ఏమవుతుందో ప్రకాశం జిల్లాయే చూపించింది. 2020 జులై చివర్లో కురిచేడులో మద్యం షాపులు మూసి ఉండగా శానిటైజర్ తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. అది మద్యం సంగతే, కానీ పాఠం పొగాకుకూ వర్తిస్తుంది. షాపుకు తాళం వేశారు, మనిషికి వైద్యం ఇవ్వలేదు.

మరి మానేసినవాళ్లు ఏమయ్యారు? మా తండాలో చాలామంది కూలీ మొదలవగానే మళ్లీ మొదలుపెట్టారు. కారణం నాకు చేనులోనే కనిపించింది. బీడీ వెలిగించినవాడికి పది నిమిషాలు గట్టు మీద కూర్చునే హక్కు ఉంది. ఊరికే కూర్చుంటే మేస్త్రీ అరుస్తాడు. ఆకలి చంపేది అదే, విరామం ఇచ్చేది అదే. నిలబడి మానేసినవాళ్లు ఇద్దరు ముగ్గురే, వాళ్ల ఇంట్లో ఎవరో దగ్గుతో పోయినవాళ్లు.

అందుకే నా అభిప్రాయం ఇది. ‘ట్రైబల్స్‌కి అవగాహన లేదు’ అని మీటింగుల్లో అంటే ఊరుకోకండి. భయం ఉంది, అవగాహన కూడా వచ్చింది. రానిది సాయం, విరామం. బీడీ కట్ట మీద 1800-112-356 అని నంబరు ఉంటుంది, మానాలనుకునేవాళ్లకు ఉచితం. చదవలేని మన పెద్దవాళ్లకు ఆ నంబరు ఉందనే తెలీదు. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మన ఫోన్ నుంచి మనమే కలిపి ఇద్దాం. అలాగే మీ గూడెంలో, తండాలో 2020లో ఎవరు మానేశారు, ఎందుకు మళ్లీ పట్టారు, అడిగి కింద రాయండి. చెంచు, యానాది, ఎరుకల తమ్ముళ్లు, చెల్లెళ్లు తప్పకుండా రాయాలి. ఈ చరిత్ర మనం రాయకపోతే ఎవరూ రాయరు.