1329 ఫసలీ చట్టం: వైజయంతి వసంత మొగ్లి కృషిపై ఒక పరిశీలన

తెలంగాణ పల్లెల్లో పాత పహాణీలు తిరగేసినవారికి ఫసలీ లెక్క తెలుసు. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. భూమి శిస్తు కోసం పుట్టిన ఆ లెక్కతోనే ఒక శిక్షా చట్టం కూడా మన కాలం దాకా నడిచి వచ్చింది. అది 1329 ఫసలీ, అంటే 1919 నాటి నపుంసకుల చట్టం. హైదరాబాద్ సంస్థానంలో పుట్టిన ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులై 6న రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఆ వ్యాజ్యం వైజయంతి వసంత మొగ్లి పేరు మీద నడిచింది. ట్రాన్స్‌జెండర్ హక్కుల ఉద్యమంలో ఆమె స్థానాన్ని ఈ ఒక్క వ్యాజ్యం ఆధారంగా అంచనా వేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆమె సొంత జీవితంలోకి నేను వెళ్లడం లేదు. ట్రాన్స్ మనుషుల గురించి రాసేటప్పుడు శస్త్రచికిత్స, ఇంట్లోంచి వెళ్లగొట్టడం, కన్నీళ్లు అన్న వరుసలోనే కథ చెప్పడం మనకు అలవాటైపోయింది. ఆ కథల్లో మనిషి పడిన బాధ కనిపిస్తుంది గాని చేసిన పని కనిపించదు. మొగ్లి హైదరాబాద్ మనిషి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ హైదరాబాద్ ప్రాంగణంలో ప్రభుత్వ విధానాల అధ్యయనం చేశారు. తెలంగాణ హిజ్రా ఇంటర్‌సెక్స్ ట్రాన్స్‌జెండర్ సమితి వ్యవస్థాపక సభ్యుల్లో ఒకరు. సమాచార హక్కు చట్టాన్ని ఆయుధంగా వాడిన కార్యకర్త. దస్త్రం అడగడం, చదవడం, అందులోని మాటను పట్టుకుని నిలదీయడం ఈ చదువు, ఈ అనుభవం కలిసి ఇచ్చిన పద్ధతి. ఉద్యమానికి ఆమె చేసిన ప్రధానమైన చేర్పు ఈ పద్ధతేనని నా అభిప్రాయం.

ఇంతకీ ఆ చట్టంలో ఏముంది? నపుంసకుడెవరో మొదట నిర్వచించింది. తానే ఒప్పుకున్నవాడు గాని, వైద్య పరీక్షలో అలా తేలినవాడు గాని అంది. పిల్లలను ఎత్తుకుపోతారనో, బీజాలు తొలగిస్తారనో, అసహజ నేరాలు చేస్తారనో అనుమానం ఉన్నవారి పేర్లు, నివాసాలు ప్రభుత్వం రిజిస్టరులో రాసుకోవాలంది. పేరు ఎక్కాక ఆ మనిషి ఆడవారి బట్టలతోనో నగలతోనో వీధిలో కనిపించినా, బహిరంగ స్థలంలో ఆడినా, వాయించినా పోలీసులు వారంటు లేకుండా పట్టుకోవచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పదహారేళ్ల లోపు బాలుడు ఇంట్లో ఉంటే దానికీ అంతే.

ఇక్కడ గమనించాల్సింది అనుమానానికి ఇచ్చిన స్థానం. రిజిస్టరులో పేరెక్కడానికి నేరం రుజువు కానక్కర్లేదు. ఎక్కిన తర్వాత మాత్రం చీర కట్టడమే నేరమవుతుంది. బధాయికి, అంటే శుభకార్యాల ఇళ్లకు వెళ్లి ఆడి పాడి దీవించడం హైదరాబాద్ హిజ్రాల బతుకుతెరువు. హైదరాబాద్ హిజ్రాల మీద గాయత్రీ రెడ్డి 2005లో ప్రచురించిన మానవశాస్త్ర గ్రంథం బధాయి హిజ్రాల జీవనాన్ని వివరంగా చూపింది. గురువు నీడలో చేలా, అంటే శిష్యురాలు, పెరగడమే అక్కడ కుటుంబం. కాబట్టి ఈ చట్టం బట్టను, తిండిని, ఇంటిని మూడింటినీ ఒకేసారి నేరం చేసింది.

దీన్ని 'వలసపాలకుల చట్టం' అనేసి చేతులు దులుపుకోవడం తేలిక. అది సగం నిజమే. మూలం 1871 నాటి నేరస్థ తెగల చట్టం రెండో భాగంలో ఉంది. ఆ భాగం ఉత్తర భారతంలో హిజ్రాలను ఎలా వేటాడిందో జెస్సికా హించీ పరిశోధన చెబుతుంది. వీలునామా రాసే హక్కును, దత్తత తీసుకునే హక్కును కూడా అది లాక్కుంది. అయితే 1911లో బ్రిటిష్ ఇండియా కొత్త నేరస్థ తెగల చట్టం తెచ్చినప్పుడు ఆ రెండో భాగం పోయింది. అక్కడ పోయిన ఎనిమిదేళ్లకు హైదరాబాద్ సంస్థానం దాన్ని తన గడ్డ మీద నాటింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించిన పాలనే, మూసీ ఒడ్డున హైకోర్టు భవనాన్ని 1920లో ప్రారంభించిన పాలనే ఈ పనీ చేసింది. 1948లో సంస్థానం పోయింది, చట్టం పోలేదు. 1952 నాటికి దేశమంతటా నేరస్థ తెగల చట్టం రద్దయింది, ఇది కాలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, 2014లో తెలంగాణ వచ్చింది. చట్టం పేరులో ప్రాంతం మారింది గాని లోపలి అక్షరం మారలేదు. ఈ బాధ్యత మనదే.

ట్రాన్స్‌జెండర్ల హక్కులను గుర్తిస్తూ సుప్రీంకోర్టు నల్సా తీర్పు ఇచ్చింది 2014 ఏప్రిల్ 15న. ఎవరి లింగ గుర్తింపును వారే నిర్ణయించుకోవచ్చని జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీ చెప్పిన దాదాపు ఏడు వారాలకు తెలంగాణ రాష్ట్రం అవతరించింది. అయినా ఒంటి మీది చీరను నేరంగా చూసే చట్టం కొత్త రాష్ట్రంలో కొనసాగింది. వాడుకలో లేని చట్టం మీద పోరాటమెందుకని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నకు జవాబు మన పత్రికల్లోనే ఉంది. 'హిజ్రాల ఆగడాలు' అనే శీర్షిక తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఒకరి మీద వచ్చిన ఫిర్యాదును ఒక సమూహం స్వభావంగా రాసే ఆ అలవాటు, 1329 ఫసలీ రిజిస్టరు నడిచిన తీరు ఒకటే. పోలీసు స్టేషన్‌లో, బస్టాండులో, ఇల్లు అద్దెకు అడిగిన గుమ్మం ముందు పనిచేసేది ఆ అనుమానమే.

మొగ్లి, తోటి పిటిషనర్లు 2018లో హైకోర్టుకు వెళ్లారు. వారి పక్షాన వాదించినవారిలో సీనియర్ న్యాయవాది జయ్నా కొఠారి ఉన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో కోర్టు చట్టం అమలును నిలిపివేసింది. తుది తీర్పుకు మరో ఐదేళ్లు పట్టింది. ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్‌రెడ్డి ధర్మాసనం ఈ చట్టం 14, 21 అధికరణాలకు విరుద్ధమని తేల్చింది. ఇది సమూహం మొత్తాన్ని నేరస్థులుగా చూస్తోందనీ, వారి ఆంతరంగిక జీవితంలోకి చొరబడి గౌరవాన్ని దెబ్బతీస్తోందనీ అంది. అక్కడితో ఆగకుండా విద్యలో, ప్రభుత్వోద్యోగాల్లో రిజర్వేషన్లు కల్పించాలని, ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ వర్తింపజేయాలని ఆదేశించింది. 1919 చట్టం పుట్టిన మరుసటి ఏడాది ప్రారంభమైన ఆ మూసీ ఒడ్డు భవనంలోనే దానికి ముగింపు పలికారు.

ఈ విజయాన్ని పెద్దది చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు, చిన్నది చేయడం అసలే ఇష్టం లేదు. రిజర్వేషన్ సంగతే చూడండి. ట్రాన్స్‌జెండర్లను వెనుకబడిన తరగతుల్లో కలిపేస్తే దళిత ట్రాన్స్ మహిళ తన కులాన్నో తన లింగాన్నో వదులుకోవాల్సి వస్తుంది. అందుకే అన్ని తరగతుల్లోనూ విడివిడిగా వాటా ఇచ్చే సమాంతర రిజర్వేషన్‌ను తమిళనాడులో గ్రేస్ బాను వంటి దళిత ట్రాన్స్ ఉద్యమకారులు అడుగుతున్నారు. కర్ణాటక 2021లో ఉద్యోగాల్లో ఒక శాతం ఆ పద్ధతిలో ఇచ్చింది. తెలంగాణ అనుసరించాల్సిన దారి ఇదే.

2020 జనవరిలో అమల్లోకి వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ కేంద్ర చట్టంతో పోల్చినప్పుడు మరో విషయం కలవరపెడుతుంది. 1919 చట్టం చీర కట్టినందుకు రెండేళ్ల దాకా జైలు రాసింది. నూరేళ్ల తర్వాత వచ్చిన రక్షణ చట్టం, ట్రాన్స్‌జెండర్ వ్యక్తిపై లైంగిక హింసకు వేసే గరిష్ఠ శిక్ష కూడా రెండేళ్లే. గుర్తింపు పత్రం కోసం కలెక్టరు దగ్గరికే వెళ్లాలి. ఉద్యమం ఆ చట్టాన్ని ఎందుకు వ్యతిరేకించిందో ఈ రెండు అంశాలు చాలు చెప్పడానికి.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది ఆడ, మగ కాక 'ఇతరులు' అనే గడిలో నమోదయ్యారు. 2024 డిసెంబరులో హైదరాబాద్‌లో 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా చేరారు. 1329 ఫసలీ చట్టం పేరెక్కినవారిని ఆడవారి బట్టల్లో నడవనివ్వని వీధులు ఆ నగరానివే.

పరిశోధకులకు ఒక విన్నపం. తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్త్రాలు ఉన్నాయి. ఉర్దూ చదవగల యువ పరిశోధకులు పోలీసు, న్యాయ శాఖల కాగితాల్లో ఈ చట్టం కింద రాసిన రిజిస్టర్ల కోసం, పెట్టిన కేసుల కోసం వెతకాలి. వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లకండి, హిజ్రా సంఘాల పెద్దలను వెంట తీసుకువెళ్లండి. దొరికే పేర్లు వారి గురువుల గురువులవి. వాటిని మొదట చదవాల్సింది వారే.