పిల్లి మీసం మళ్ళీ మొలుస్తుందా?

మీ ఇంట్లో పిల్లి ఉంటే, అది పడుకునే గోనెపట్టా మీద ఎప్పుడో ఒకసారి బిరుసైన తెల్లని వెంట్రుక ఒకటి మీ కంట పడే ఉంటుంది. అది పిల్లి మీసం. దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు. మన తలవెంట్రుకల్లాగే పిల్లి మీసాలు కూడా అప్పుడొకటి అప్పుడొకటి రాలుతుంటాయి, ఆ చోటనే కొత్తవి వస్తుంటాయి. పొయ్యి దగ్గర కమిలినా, ఎవరో ఆకతాయి కత్తెరతో కత్తిరించినా, వేరు చెడకపోతే కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల లోపల మీసం మళ్ళీ పెరుగుతుంది.

జవాబు ఇంతే అయితే వ్యాసం ఇక్కడే ముగించవచ్చు. కానీ మీసంతో పాటు పోయినదంతా మీసంతో పాటు తిరిగి వస్తుందా? ఈ ప్రశ్న తేలడానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది. ఆ పరిశోధనల్లో ఎక్కువ భాగం జరిగింది పిల్లి మీద కాదు, దాని ఆహారమైన ఎలుక మీద!

ముందు మీసం సంగతి చూద్దాం. పిల్లి పైపెదవికి రెండు పక్కలా, ఒక్కో వైపు సుమారు పన్నెండు చొప్పున, నాలుగు వరుసల్లో మీసాలుంటాయి. కళ్ల పైన, బుగ్గల మీద, గడ్డం కింద కూడా కొన్ని ఉంటాయి. ముందుకాళ్ల వెనకవైపు ఉండేవాటిని చాలామంది గమనించరు. ఈసారి మీ పిల్లి ఒడిలో పడుకున్నప్పుడు వెతికి చూడండి. మీసం కాడలో నాడులు లేవు. అందుకే కత్తిరిస్తే నొప్పి పుట్టదు. స్పర్శ అంతా వేరు దగ్గరే. మామూలు వెంట్రుక కంటే మీసం లోతుగా నాటుకుని ఉంటుంది. దాని వేరు చుట్టూ రక్తంతో నిండిన చిన్న సంచి, ఆ సంచి గోడలో నాడీతంతువుల కొసలు ఉంటాయి. మీసం కొన ఇసుమంత కదిలినా వేరు వాటిని ఒత్తుతుంది. 1940లో ఓ. ఫిట్జ్‌జెరాల్డ్ పిల్లి మీసాల నుంచి బయలుదేరే నాడీ సంకేతాలను విద్యుత్ పరికరాలతో నమోదు చేశారు.

పిల్లికి ఇంత ఏర్పాటు ఎందుకు? దూరాన కదిలే ఎలుకను చీకట్లోనైనా పసిగట్టే పిల్లి కళ్లకు మూతి ముందున్న వస్తువు స్పష్టంగా కనబడదు. ఎలుకను నోట కరిచే క్షణంలో మీసాలు ముందుకు విచ్చుకుని, ఎలుక ఎటు మెసులుతున్నదో, మెడ ఎక్కడున్నదో చెబుతాయి. కన్నంలో దూరే ముందు అంచులను తడిమి చూసేవీ ఇవే. మీసాల వెడల్పు ఒంటి వెడల్పుతో సరిగ్గా సమానమని కొందరంటారు. బాగా బలిసిన పిల్లిని చూస్తే ఆ లెక్క తప్పుతుంది. ఒళ్లు పెరిగినంత మాత్రాన మీసాలు పెరగవు.

ఇక చరిత్రలోకి వెళదాం. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో జాన్ వాట్సన్ చిక్కుదారుల పెట్టెల్లో తెల్ల ఎలుకలను పరిగెత్తించి, వాటి ఇంద్రియాలను ఒక్కొక్కటిగా పనిచేయకుండా చేసి చూశాడు. చూపు లేకున్నా, వాసన తెలియకున్నా, మీసాలు తీసేసినా అవి చివరకు దారి కనుక్కున్నాయి. తమ కదలికల జ్ఞాపకంతోనే ఎలుకలు నడుస్తాయని 1907లో ఆయన ప్రకటించాడు. అలాగైతే మీసాలు దండగేనా? అదే విశ్వవిద్యాలయంలో స్టెల్లా విన్సెంట్ ఆ సంగతి వదిలిపెట్టలేదు. మీసాలున్న ఎలుకలనూ లేని ఎలుకలనూ పోల్చి చూసి, గోడను, అంచును, మలుపును తెలుసుకోవడంలో మీసాలు ఎంత అవసరమో 1912లో వివరించింది. పాఠ్యపుస్తకాల్లో వాట్సన్ పేరే మిగిలింది. ఈ విషయంలో మాత్రం ఎక్కువ ఓపికగా చూసింది విన్సెంటే అని నాకనిపిస్తుంది.

మీసం పంపిన వార్త మెదడులో ఎక్కడికి చేరుతుంది? 1922లో ఇరవై ఏళ్ల స్పానిష్ యువకుడు, ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు కహాల్ శిష్యుడు, లొరెంతే దె నో చిట్టెలుక మెదడు పైపొరలో కణాలు గుంపులు గుంపులుగా ఉండటం గమనించాడు. అయితే ఆ భాగం వినికిడికి సంబంధించినదని పొరబడ్డాడు. ఆ గుంపుల అసలు రహస్యం మరో నలభై ఎనిమిదేళ్లకు బయటపడింది. థామస్ వుల్సీ, హెండ్రిక్ వాన్ డెర్ లూస్ అనే ఇద్దరు మెదడు పొరను అందరిలా నిలువుగా కోయకుండా, ఉపరితలానికి సమాంతరంగా, దోసకాయను చక్రాలుగా తరిగినట్టు పలచని ముక్కలుగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. గుండ్రని గుంపులు ఐదు వరుసలుగా కనిపించాయి. చిట్టెలుక మూతి మీద మీసాలూ ఐదు వరుసలే! ఒక్కో మీసానికి ఒక్కో గుంపు. 1970లో ప్రచురించిన తమ వ్యాసంలో ఆ గుంపులకు వారు 'పీపాలు' అని పేరు పెట్టారు. ఎలుక మూతి పటం దాని మెదడులో అచ్చు గుద్దినట్టు ఉందన్నమాట. పిల్లి మెదడులో ఈ పీపాలు ఇంత స్పష్టంగా కనబడవు. అందుకే ఈ కథలో పిల్లి వెనకబడి, ఎలుక ముందుకొచ్చింది.

అసలు మలుపు 1973లో వచ్చింది. అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్లల్లో ఒక వరుస మీసాల వేళ్లను ఆ ఇద్దరే నాశనం చేశారు. వేరు పోతే మీసం ఇక మొలవదు, ఇది ఊహించినదే. కొన్ని రోజుల తర్వాత మెదడును చూస్తే ఆ వరుస పీపాలు కూడా లేవు! పుట్టిన తొలి కొద్ది రోజులు దాటాక అదే పని చేస్తే పీపాలు చెరగలేదు. అంటే మెదడులో పటం ముందే అచ్చయి ఉండదు. మూతి నుంచి వచ్చే నాడులు సరైన వేళకు చేరితేనే అది గీసుకుంటుంది.

ఇలాంటి గడువు చూపుకు కూడా ఉందని అప్పటికే తెలుసు, అదీ పిల్లి పిల్లల వల్లనే. డేవిడ్ హ్యూబెల్, టోర్స్టెన్ వీజల్ 1963లో పిల్లి కూనలకు ఒక కన్ను కొన్ని వారాలు మూసి ఉంచి, తర్వాత తెరిచారు. కంట్లో లోపమేమీ లేకపోయినా మెదడు ఆ కంటిని దాదాపు పట్టించుకోలేదు. వారికి 1981లో నోబెల్ బహుమతి లభించింది. పుట్టుకతోనే దట్టమైన శుక్లం ఉన్న శిశువుకు "పెద్దయ్యాక చేయిద్దాం" అనకుండా తొలి వారాల్లోనే శస్త్రచికిత్స చేయించమని కంటి వైద్యులు చెప్పడానికి ఈ గడువే కారణం.

మరి వేరు చెడకుండా ఉత్త మీసాన్నే కత్తిరిస్తే? డేనియల్ సైమన్స్, పీటర్ ల్యాండ్ పుట్టినప్పటి నుంచి ఎలుక పిల్లల మీసాలను కత్తిరిస్తూ వచ్చి, తర్వాత పెరగనిచ్చారు. 1987లో వెలువడిన వారి ఫలితం ఇది: మీసాలు మామూలుగానే పెరిగాయి. కానీ వాటిని కదిలించినప్పుడు మెదడులోని నాడీకణాలు మామూలు ఎలుకలలో స్పందించినట్టు స్పందించలేదు.