రాబోయే కోడలికి ఇవాళే వంటిల్లు

ఎదిగే పిల్ల కదా అని పరికిణీ అంచుకి లోపల రెండంగుళాల మడత వదిలి కుట్టించడం మన ఆడవాళ్ళకి ఎవరూ నేర్పనక్కర్లేని అర్థశాస్త్రం. ఏడాది తిరిగేసరికి ఆ కుట్టు విప్పితే చాలు, పరికిణీ మళ్ళీ పాదాలదాకా వస్తుంది. మరి కంప్యూటరు కొనేటప్పుడు కూడా ఈ సూత్రం పనిచేస్తుందా?

ఈ ప్రశ్న ఎందుకొచ్చిందంటే, మా చెల్లెలి కూతురు ఈ ఏడు ఇంజనీరింగులో చేరింది. "పెద్దమ్మా, కొంటే ముందు ముందు వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్‌లకి కూడా పనికొచ్చేదే కొనాలి. మాటిమాటికీ కొనలేం కదా!" అంటుంది. మాట బంగారంలాంటిదే. కాని ఈ మాట అన్న మొదటి మనిషి అది కాదు. నలభై ఏళ్ళుగా ఎంతోమంది ఇలాగే అనుకుని డబ్బు పోశారు. వాళ్ళకేమయిందో తెలుసుకుంటే మనకి కాస్త మేలు కదా!

ముందు ఒక్క ముక్క. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటరనే ఇంటికి ఇల్లాలు. ఏ సామాను ఎక్కడుందో, ఎవరికి ముందు వడ్డించాలో, ఎవరిని గుమ్మంలోనే ఆపాలో అన్నీ ఆవిడ చూసుకుంటుంది. ఇల్లు మనం కొంటాం. పెత్తనం మాత్రం కొన్నేళ్ళకొకసారి కొత్త కోడలి చేతికి వెళుతుంది. వచ్చినావిడ "ఈ వంటింట్లో నేను మసలలేను" అందంటే గోడలెంత గట్టిగా ఉన్నా లాభం లేదు.

మొదటి కథ అమెరికాలో 1984లో మొదలయింది. ఆ ఆగస్టులో ఐబీఎం వారు పీసీ ఏటీ అనే కంప్యూటరు తెచ్చారు. దాని గుండెకాయ ఇంటెల్ వారి 286 చిప్. అప్పటికి వాడుకలో ఉన్న డాస్ అనే ఇల్లాలికి అక్కరకు రాని శక్తులు అందులో చాలా ఉన్నాయి. వాటిని వాడుకునే గడుసుపిల్ల రేపో మాపో రాకపోతుందా అన్న ఆశ ఉండనే ఉంది. 1987 ఏప్రిల్లో ఐబీఎం, మైక్రోసాఫ్ట్ కలిసి ఓఎస్/2 అనే కొత్త కోడల్ని ప్రకటించాయి. అప్పటికి 386 చిప్ వచ్చి ఏడాదిన్నర అయింది. అయినా 286 కొన్నవాళ్ళకిచ్చిన మాట తప్పకూడదని, ఓఎస్/2 దానిమీద నడిచి తీరాలని ఐబీఎం పట్టుబట్టింది.

మాట నిలబెట్టుకోవడం మంచిదే. కాని 286కి ఒక అవకరం ఉంది. కొత్త పద్ధతిలోకి ఒకసారి అడుగుపెట్టాక పాత పద్ధతిలోకి రావాలంటే చిప్‌ని మళ్ళీ మొదటినుంచీ లేపాలి. పక్కగదిలోంచి వచ్చినప్పుడల్లా ఇంటి మెయిన్ స్విచ్చి ఆర్పి వేసినట్టన్నమాట! అందుచేత పాత డాస్ ప్రోగ్రాములు ఓఎస్/2లో ఒకసారికి ఒక్కటే నడిచేది. చివరికి 1992లో వచ్చిన ఓఎస్/2 రెండో అవతారం నాకు 386 కావాలని కూర్చుంది. తమాషా ఏమిటంటే, 286 వాళ్ళకి ఎవరూ ఏ మాటా ఇవ్వని విండోస్ 3.0 మాత్రం 1990లో వచ్చి ఆ పాత ఇళ్ళలోనే సర్దుకుపోయింది. ఆ సుఖమూ ఎంతోకాలం లేదు. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95, 386కి తక్కువైతే గడప తొక్కనంది.

రెండో కథలో మాట ఇచ్చినది ఒక చిన్న చీటీ. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ విస్టా 2006 చివర పండగ అమ్మకాలకి అందకుండా 2007 జనవరికి వాయిదా పడింది. ఈలోగా జనం కంప్యూటర్లు కొనడం మానేస్తారేమోనని, 2006లోనే కొత్త కంప్యూటర్ల మీద "విస్టాకి తగినది" అనే అర్థం వచ్చే చీటీలు అంటించారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! తీరా చూస్తే ఆ చీటీ ఉన్న చాలా యంత్రాల్లో విస్టాలోని అతి సాదా రకం మాత్రమే నడిచింది. ప్రకటనల్లో మురిపించిన అద్దాల సొగసు వాటికి దక్కలేదు. ఇంటెల్ వారి 915 రకం చిప్‌లున్న కంప్యూటర్లు కూడా అమ్ముడుపోవాలని చీటీకి పెట్టిన షరతుల్ని సడలించారని తర్వాత కోర్టు కాగితాల్లో బయటపడింది.

ఆ దావా 2007లో సియాటిల్లో వేశారు. 2008లో బయటికొచ్చిన ఆ కంపెనీ లోపలి ఉత్తరాల్లో అన్నిటికంటే నన్ను నవ్వించింది మైక్ నాష్ గారిది. ఆయన మైక్రోసాఫ్ట్‌లోనే ఒక ఉపాధ్యక్షుడు. తానూ ఆ చీటీ ఉన్న కంప్యూటరే కొన్నానని, 2100 డాలర్లు పోసి కొన్నది ఉత్తరాలు చూసుకోవడానికి మాత్రమే మిగిలిందని వాపోయాడు. వండినవాడికే ఉప్పు తెలియకపోతే విస్తరి ముందు కూర్చున్నవాళ్ళ సంగతేమిటి? దావా మాత్రం ఫలించలేదు. కొన్నవాళ్ళందరి తరఫునా కలిపి విచారించడానికిచ్చిన అనుమతిని 2009 ఫిబ్రవరిలో కోర్టు రద్దుచేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు పరికిణీ మడత సూత్రం చక్కగా పనిచేసింది. లెక్క చూడండి. విండోస్ 95కి కనీసం 4 ఎంబీ మెమరీ చాలు. 2001 అక్టోబరులో వచ్చిన ఎక్స్‌పీకి 64 కావాలి. అంటే ఆరేళ్ళలో పదహారు రెట్లు. అంత మడత ఏ దర్జీ పెట్టగలడు? కాని 2007 విస్టాకి కనీసం 512 ఎంబీ అయితే, 2015 జూలైలో వచ్చిన విండోస్ 10కి 1 జీబీ. ఎనిమిదేళ్ళలో రెట్టింపే! 2007లో కాస్త ఎక్కువ మెమరీతో మంచి యంత్రం కొన్న ఇల్లాలు, నెమ్మదిగా నడిచినా సరే, 2015దాకా ఇంకోటి కొనకుండా నెట్టుకురావచ్చు. పైగా ఇదే ఆఖరి విండోస్ అని ఆ కంపెనీ ఉద్యోగి ఒకరు 2015లో ఒక సభలో అనేసరికి, అమ్మయ్య, ఇక కోడళ్ళ బెడద లేదని లోకం ఊపిరి పీల్చుకుంది.

అక్కడే మూడో కథ. 2021 అక్టోబరు 5న విండోస్ 11 వచ్చింది. ఈసారి పేచీ బలం గురించి కాదు, తాళం గురించి. టీపీఎం 2.0 అనే రహస్యపు తాళంచెవుల పెట్టె ఉండాలి. ఇంటెల్ చిప్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతదో కావాలి. ఏడో తరం డెస్క్‌టాప్ చిప్‌లు 2017 జనవరిలో వచ్చాయి. ఎనిమిదో తరానివి అదే ఏడు అక్టోబరులో వచ్చాయి. సంక్రాంతికి కొన్నావిడ వెలి, దీపావళి వెళ్ళాక కొన్నావిడ లోపల! ఇద్దరూ పోసిన డబ్బు ఒకటే కావచ్చు, ఇద్దరి యంత్రాలూ చురుకైనవే కావచ్చు. 2018లో మైక్రోసాఫ్ట్ తానే అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2లో కూడా ఏడో తరం చిప్పే ఉంది. దానికోసం తర్వాత ఆ ఒక్క చిప్‌నీ జాబితాలో చేర్చుకున్నారు. సొంత బిడ్డకి ఉన్న వెసులుబాటు పొరుగు బిడ్డకి ఉంటుందా?

అన్నట్టు, విండోస్ 10, 11 రెండూ వచ్చింది మన హైదరాబాదు పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ళ గారి హయాంలోనే. ఆయన 2014 ఫిబ్రవరిలో ఆ కంపెనీ పగ్గాలు పట్టారు.

విండోస్ 10కి ఉచితంగా అందే రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్ళలో వాడుకునేవాళ్ళకి 2026 అక్టోబరుదాకా ఇంకో ఏడాది గడువు ఏర్పాటు చేశారు. సవరణలు ఆగితే కంప్యూటరు చచ్చిపోదు. రాత్రిపూట తలుపు గొళ్ళెం సరిచూసే మనిషి మానేసినట్టు, అంతే. కాని ఆ ఇంట్లోనే కదా మన బ్యాంకు లెక్కలు, పెన్షను కాగితాలు ఉండేది! భయం అక్కడుంది.

యాపిల్ వాళ్ళింట్లో ఇంతకంటే సుఖమేమీ లేదు. 2005 జూన్‌లో ఇంటెల్ చిప్‌లకి మారతామని ప్రకటించి, 2009 ఆగస్టులో వచ్చిన స్నో లెపర్డ్‌తో పాత పవర్‌పీసీ యంత్రాల్ని వదిలేశారు. 2020లో సొంత చిప్‌లు తెచ్చారు. ఇంటెల్ మ్యాక్‌ల మీద నడిచే చివరిది 2025 నాటి టాహోయే అన్నారు. ఎవరినైనా ఆదరిస్తుందని పేరున్న లినక్స్ కూడా, 1991లో తాను పుట్టిన 386 చిప్‌ని 2012 డిసెంబరులో సాగనంపింది. అయినా పుట్టింటికి ఇరవై ఏళ్ళు విశ్వాసంగా ఉందంటే తక్కువా? విండోస్ కాదన్న యంత్రాలు ఎన్నో ఇప్పుడు లినక్స్‌తో బతుకుతున్నాయి. పారెయ్యబోయేముందు ఆ తలుపు ఒకసారి తట్టి చూడడం మంచిది.

ఈ కథలన్నీ కలిపి చూస్తే నాకొకటి తోస్తోంది. మడత మన చేతిలో ఉంది గాని రేపటి కొలత మన చేతిలో లేదు. అందుకని రాని కోడలి పేరు చెప్పి అమ్మేవాడికి పైసా ఎక్కువ ఇవ్వకూడదు. ఇవాళున్న ఆపరేటింగ్ సిస్టమ్ ఇబ్బంది లేకుండా నడుస్తోందా, దాని గడువెప్పటిదాకా ఉందీ అని చూడాలి. తక్కువ ధరకి వస్తోందని వెళ్ళిపోతున్న తరం చిప్ కొనేకంటే, కొత్తగా వచ్చిన తరంలో మధ్యరకం కొనడం మేలు. 2017 చెప్పిన పాఠం అదే. మెమరీ మాత్రం కనీసానికి రెండింతలైనా ఉండాలి. ఎందుకంటే చాలా పల్చటి లాప్‌టాప్‌లలో దాన్ని లోపలే అతికేస్తున్నారు, తర్వాత పెంచుకోలేం. పెంచుకునే వీలున్నది దొరికితే అదే కొనాలి. ఆ మిగిలిన డబ్బు, ఎప్పుడో వచ్చే కోడలి కోసమని వేరే డబ్బాలో వేసి ఉంచితే సరి. ఆవిడ ఏం అడుగుతుందో, వచ్చాక ఆవిణ్ణే అడుగుదాం.