న్యూట్రల్‌లో దిగితే పెట్రోల్ మిగులుతుందా? ఒక పాత నమ్మకం కథ

తిరుమల నుంచి కిందికి దిగే ఘాట్ రోడ్డు చూసే ఉంటారు. 1944లో వేసిన మొదటి రోడ్డు అది. ఎక్కడానికి వాడేది 1974లో వేసిన రెండోది. అలాంటి రోడ్డు మీద దిగుతున్నప్పుడు వెనక సీట్లోంచి ఎవరో ఒక పెద్దాయన అంటారు: "డౌనే కదా, న్యూట్రల్‌లో వేసెయ్ రా, పెట్రోల్ మిగుల్తుంది." నేను చిన్నప్పటి నుంచి వింటున్న మాట ఇది. ఇవాళ దీని చరిత్రే చెప్పుకుందాం. ఎందుకంటే ఈ మాట పుట్టినప్పుడు అబద్ధం కాదు.

ముందు కార్బ్యురేటర్ సంగతి. దానికి బుర్ర లేదు. ఇంజిన్ గాలి పీలిస్తే ఆ ఊపుకి పెట్రోల్ కూడా వస్తుంది, అంతే దాని తెలివి. గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేసి దిగుతున్నారనుకోండి. గాలి వెళ్ళే దారి దాదాపు మూసుకుపోయింది. కానీ చక్రాలు ఇంజిన్‌ని గిరగిరా తిప్పుతూనే ఉన్నాయి. లోపల సక్షన్ విపరీతంగా పెరుగుతుంది. ఆ సక్షన్‌కి ఐడ్లింగ్ దారిలోంచి పెట్రోల్ వస్తూనే ఉంటుంది, గొట్టం గోడలకి అంటుకున్న తడి కూడా ఆవిరై లోపలికి పోతుంది. దానికి తగ్గ గాలి లేదు కాబట్టి సరిగ్గా కాలదు, సగం పచ్చిగానే సైలెన్సర్ దారిన బయటికి. పాత బళ్ళు దిగేటప్పుడు "టప్ టప్" అంటాయే, అది చాలాసార్లు ఈ కాలని పెట్రోల్ చప్పుడే. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ నెమ్మదిగా ఐడ్లింగ్‌లో తిరుగుతుంది, ఖర్చు కొంచెం తగ్గుతుంది. అంటే మన పెద్దాయన లెక్క ఆ రోజుల్లో కరెక్టే.

కంపెనీలు కూడా ఇదే లెక్క వేశాయి. 1930లో అమెరికాలో స్టూడీబేకర్ కంపెనీ ఫ్రీవీలింగ్ అనేదాన్ని తెచ్చింది. సైకిల్ తొక్కడం ఆపినా చక్రం తిరుగుతుంది చూడండి, అదే ఏర్పాటు కారులో. కాలు తీస్తే ఇంజిన్ చక్రాల నుంచి విడిపోతుంది. పెట్రోల్ మిగిలింది, బాగుంది. కానీ కొండ దిగేటప్పుడు ఇంజిన్ పట్టి ఆపదు, భారమంతా ఆ కాలపు డ్రమ్ బ్రేకుల మీదే. ఆ మోజు ఎక్కువ కాలం నిలవలేదు.

స్వీడన్‌లో సాబ్ కంపెనీ ఫ్రీవీల్ పెట్టింది మాత్రం వేరే కారణానికి. నాకు ఈ కథలో బాగా నచ్చే ముక్క ఇదే. వాళ్ళ తొలి కార్లు టూ స్ట్రోక్, మన పాత స్కూటర్లలాగా ఆయిల్ పెట్రోల్‌లోనే కలపాలి. యాక్సిలరేటర్ వదిలేసి గేర్‌లో చాలాసేపు దిగితే పెట్రోల్ తగ్గుతుంది, దాంతోపాటు ఆయిల్ కూడా తగ్గుతుంది. ఇంజిన్ వేగంగా తిరుగుతూ ఆయిల్ లేక పట్టేసే ప్రమాదం. అందుకని ఇంజిన్‌ని విడదీసేశారు!

ఇక అసలు మలుపు మైలేజీ వల్ల రాలేదు, పొగ వల్ల వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో కళ్ళు మండించే పొగమంచుకి కార్ల నుంచి వచ్చే కాలని ఇంధనం ఒక ముఖ్య కారణమని 1950లలో హాగెన్‌స్మిట్ అనే శాస్త్రవేత్త తేల్చారు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే పచ్చి పెట్రోల్ కూడా అందులో భాగమే. అమెరికా 1968 మోడల్ కార్లకి పొగ నిబంధనలు పెట్టింది. 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600లో బాష్ కంపెనీ డి-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వచ్చింది. ఇప్పుడు పెట్రోల్‌ని సక్షన్ లాగడం లేదు, కరెంటుతో తెరుచుకునే వాల్వ్ వదులుతోంది. తెరవకపోతే చుక్క రాదు. 1979లో బాష్ మోట్రానిక్ పేరుతో డిజిటల్ కంప్యూటర్ బీఎండబ్ల్యూ 732ఐలో వచ్చాక ఈ పని ఇంకా కచ్చితమైంది. కాలు తీశారు, ఇంజిన్ స్పీడు ఐడ్లింగ్ కన్నా బాగా ఎక్కువుంది, గేర్‌లో ఉన్నారు: ఇంజెక్టర్లు బంద్. ఇంజిన్‌ని తిప్పేది పూర్తిగా చక్రాలే. స్పీడు పడిపోయి ఇంజిన్ ఆగిపోయే దాకా రాకముందే మళ్ళీ పెట్రోల్ మొదలు.

తమాషా ఏంటంటే, లారీలు ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నాయి. డీజిల్ పంపుకి గవర్నర్ అని ఒకటి ఉంటుంది. కాలు తీసి గేర్‌లో దిగితే అది డీజిల్‌ని మూసేస్తుంది. అంటే డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే లారీ, నిజానికి ఐడ్లింగ్‌కి డీజిల్ అదనంగా తాగుతూ దిగుతోంది.

మన దేశానికి ఇది ఆలస్యంగా వచ్చింది. 1983లో వచ్చిన మారుతి 800 కార్బ్యురేటర్ బండి. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల కొత్త కార్లకి యూరో నిబంధనలు తప్పనిసరి చేశాక, 2000 నాటికి దానికీ ఎంపీఎఫ్ఐ, అంటే ఇంజెక్షన్ వచ్చేసింది. బళ్ళు మారాయి, వెనక సీటు సలహా మారలేదు.

ఇప్పుడు చిన్న లెక్క. న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌కి గంటకి ముప్పావు లీటర్ అనుకుందాం. ఇరవై నిమిషాలు దిగితే పావు లీటర్ ఖర్చు. అదే గేర్‌లో, కాలు తీసి దిగినంతసేపూ దాదాపు సున్నా. మీ కారులో అప్పటికప్పుడు మైలేజీ చూపించే డిస్‌ప్లే ఉంటే పక్కన కూర్చున్నవాళ్ళని చూడమనండి, అంకె ఒక్కసారిగా పైకి వెళ్ళిపోతుంది. చదును రోడ్డు మీద లెక్క వేరు, అక్కడ గేర్ బండిని ఆపేస్తుంది కాబట్టి మళ్ళీ తొక్కాల్సి వస్తుంది. నేను చెప్పేది ఘాట్ గురించే.

ఆ పావు లీటర్ కన్నా పెద్ద సంగతి బ్రేకులు. న్యూట్రల్‌లో దిగితే మొత్తం బరువుని అవే ఆపాలి. వేడెక్కి పట్టు వదిలేస్తాయి, పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. ఇంకొంతమంది ఏకంగా తాళం కూడా తీసేస్తారు. అప్పుడు బ్రేకుకి ఇంజిన్ ఇచ్చే సాయం ఒకట్రెండు తొక్కులకే అయిపోతుంది, స్టీరింగ్ కూడా లాక్ అవ్వొచ్చు. రెండో గేరో మూడో గేరో, ఎక్కేటప్పుడు ఏ గేర్ పడిందో సుమారు అదే వేసి దిగండి.

బైకు వాళ్ళకి కూడా ఒక మాట. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చాక మన బైకులు చాలావరకు ఇంజెక్షన్‌కి మారిపోయాయి, అందుకే వాటిలోనూ గేర్‌లో దిగడమే మేలు. ఇంట్లో నాన్నగారి పాత కార్బ్యురేటర్ బండి ఉంటే మాత్రం పెట్రోల్ విషయంలో ఆయన మాటే నెగ్గుతుంది, బ్రేకు విషయంలో కాదు.