ఒక పండుగ, మూడు తేదీలు

జపానులో పితరుల పండుగను ‘ఓబోన్’ అంటారు. దాని ముగింపును ఒక ఆగస్టు 16వ తేదీ రాత్రి క్యోటో నగరంలో చూచే అవకాశం నాకు కలిగింది. ఎనిమిది గంటలకు తూర్పు కొండమీద ‘పెద్ద’ అనే అర్థంగల చీనా అక్షరం మంటలతో వెలిగింది. తర్వాత ఒకటొకటిగా మరి నాలుగు కొండలు వెలిగాయి. ఇంటికి వచ్చిన పితరులను సాగనంపే మంటలివి. నేను బసచేసిన ఇంటి పెద్దావిడ చేతులు జోడించి, “టోక్యోలో మా అక్కగారింట్లో నెల క్రితమే అయిపోయింది” అన్నది. ఒకే దేశంలో ఒకే పండుగకు రెండు తేదీలెందుకు?

పండుగ మూలకథ మన దేశపు పేర్లతోనే నడుస్తుంది. బుద్ధుని శిష్యుడు మౌద్గల్యాయనుడు ప్రేతలోకంలో ఆకలితో అలమటించే తల్లిని చూచాడు. అతడిచ్చిన అన్నం ఆమె నోటిదాకా వచ్చి నిప్పయింది. వర్షావాసం ముగిసేనాడు భిక్షుసంఘానికి అన్నం పెట్టమని బుద్ధుడు చెప్పాడు. ఈ కథగల ఉల్లంబన సూత్రం చీనాభాషలో నిలిచింది; సంస్కృతమూలం లభించలేదు. జపానులో క్రీ.శ. 657లో ఉల్లంబన సభ జరిగినట్లు ‘నిహోన్ షోకి’ అనే ప్రాచీన చరిత్రగ్రంథం పేర్కొన్నది.

ఏడవ చాంద్రమాసంలో పదిహేనవ రోజు ఈ పండుగకు నియతమైన దినం. 1873లో జపాను ప్రభుత్వం పాశ్చాత్య క్యాలెండరును అమలుపరచింది. టోక్యో అంకెను పట్టుకొని జూలై 15కు మారింది. దేశంలో ఎక్కువభాగం ఋతువును పట్టుకొని ఆగస్టు 15ను ఎంచుకొన్నది. ఒకినావా దీవులవారు తిథిని విడువలేదు.

ఇది విన్నప్పుడు మా యిల్లు గుర్తుకు వచ్చింది. మేము తరతరాలుగా తమిళనాట ఉన్న తెలుగువారము. ఇరుగుపొరుగుకు సౌరమాసం, మాకు చాంద్రమాసం. రెండింటినీ సరిచూడటం మా నాయనమ్మకే తెలుసు. ఆమె పోయిన మరుసటి ఏడు గోడమీది తమిళ క్యాలెండరులో మాసం చూచి, తాతగారి ఆబ్దికాన్ని నెల ఆలస్యంగా పెట్టాము. తప్పు తెలిసేసరికి తిథి దాటిపోయింది.

ఒడిశాలోని తెలుగువారికి చిక్కు మరొకటి. అక్కడ మాసం పూర్ణిమతో ముగుస్తుంది. మన భాద్రపద బహుళం వారికి ఆశ్వయుజం. అంటే మహాలయ పక్షం ఒకటే, మాసం పేరు వేరు.

ఒక సమాజం దేనిని పట్టుకొని తన పితరులను తలుస్తున్నదో అదే దాని వలస చరిత్రకు ఆధారం. హోసూరులోగాని, బళ్ళారిలోగాని, బరంపురంలోగాని మీ యింటి ఆబ్దికం ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి, ఏ పంచాంగం ప్రకారం జరుగుతున్నదో పెద్దలను అడిగి వ్రాసిపెట్టుకోండి. మేము అడగలేదు.