గేర్‌బాక్స్ గుడ దింపాలె

"సెల్ఫ్ కొట్టినవా?"

డ్రైవర్ బదులు చెప్పలేదు. ఉస్తాద్ బానెట్ కింద నుంచి తల బయటికి తీశాడు.

"నిన్నే బేటా అడిగేది. నీళ్లు దిగినంక సెల్ఫ్ కొట్టినవా, లేదా?"

"ఒక్కసారి కొట్టిన ఉస్తాద్."

ఆ "ఒక్కసారి"ని ఉస్తాద్ నమ్మలేదు. 2020 అక్టోబర్ వరదల తర్వాత హైదరాబాద్ పాతబస్తీ మెకానిక్ షెడ్లకు తాడు కట్టుకొచ్చిన ప్రతి బండి ఓనరూ ఒక్కసారే కొట్టానన్నాడు. ఆ వారాల్లో చాలామందికి ఎదురైనదాన్ని ఒక డ్రైవర్ మీద, ఒక షెడ్ మీద పెట్టి ఇక్కడ చెబుతున్నాను. అందుకే పేర్లు లేవు.

ఆ నెల 13న, మంగళవారం మొదలైన వాన 24 గంటల్లో నగరం మీద 19 సెంటీమీటర్లకు పైగా కురిసింది. అక్టోబర్‌లో అంత వాన 1903 తర్వాత లేదు. ఎలాగో తెరిపి ఇచ్చిందనుకునేలోపు 17వ తేదీ శనివారం రాత్రి మళ్లీ ముంచుకొచ్చింది. బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి, నీళ్లు హఫీజ్ బాబా నగర్ మీద పడ్డాయి. చుట్టుపక్కల బస్తీలూ మునిగాయి. ఇళ్ల ముందు నిలబెట్టిన కార్లు తేలుతూ పోయి ఒకదాని మీదొకటి ఎక్కాయి. మన డ్రైవర్ ఉప్పుగూడవాడు. అతని స్విఫ్ట్ డిజైర్ తేలలేదు. ఉన్నచోటే డ్యాష్‌బోర్డ్ దాకా మునిగింది.

లాక్‌డౌన్‌లో నెలల తరబడి కదలని క్యాబ్ అది. కిస్తీలకు రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన వెసులుబాటు ఆగస్టు 31తో ముగిసిపోయింది. కిరాయిలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. ఆదివారం పొద్దున నీళ్లు టైర్ల కిందికి దిగగానే అతను తాళంచెవి తిప్పాడంటే తిప్పడా మరి! ఇంజన్ "టక్" అని ఒక్క చప్పుడు చేసి ఆగిపోయింది.

ఆ టక్ ఏమిటో తెలిస్తే ఎవరూ తాళంచెవి ముట్టుకోరు. ఆ డీజిల్ ఇంజన్ 1248 సీసీ, నాలుగు సిలిండర్లు. ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ 312 సీసీల గాలిని లాగి, పైన మిగిలిన ఇరవై సీసీల లోపు సందులోకి నొక్కుతుంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. ఎయిర్ ఫిల్టర్ దారిన లోపలికొచ్చిన నీళ్లు ఆ సందును మించితే పిస్టన్ పైకి వెళ్లలేదు, కింద తిప్పే క్రాంక్ ఆగదు, మధ్యలో కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నాలుగు చెమ్చాల నీళ్లు చాలు. సెల్ఫ్ కొట్టకుండా ఇంజెక్టర్లు విప్పి, నీళ్లు బయటికి కొట్టించి, ఆయిల్ మార్చి ఉంటే చాలా బండ్లు అక్కడికక్కడే బాగయ్యేవి.

ఇన్సూరెన్స్‌దీ అదే లెక్క. మామూలు పాలసీలో వరద నష్టానికి డబ్బులొస్తాయి కానీ, మునిగిన బండిని స్టార్ట్ చేయబోయి ఇంజన్ చెడగొట్టుకుంటే అది వేరే నష్టం కింద పోతుంది. దానికి ఇంజన్ ప్రొటెక్షన్ అని పైన ఇంకో కవర్ కొనుక్కోవాలి. క్యాబ్ నడిపి బతికేవాళ్లలో అది ఎందరు కొంటారు? ఇతనూ కొనలేదు. సర్కారు ప్రకటించిన రూ. 10 వేల వరద సాయం పరుపులకూ బియ్యానికీ చాలదు.

అందుకే షెడ్‌లో బేరం మొదలైంది.

"ఇంజన్ ఒక్కటే దింపు ఉస్తాద్. గేర్‌బాక్స్ ఏం జేసింది? ముట్టుకోకు. మజూరీ తగ్గుతది."

"తగ్గుతది. మల్ల రెండు నెల్లకు గేర్‌బాక్స్ ఒక్కటే దింపిచ్చెతందుకు వస్తవు. అప్పుడు రెండోసారి ఇస్తవు."

"పైసల కోసం గిట్ల అంటున్నవ్."

ఉస్తాద్‌కు కోపం రాలేదు. పని నేర్చుకుంటున్న షాగిర్దును పిలిచి ఖాళీ డబ్బా తెమ్మన్నాడు. బండి కిందికి దూరి గేర్‌బాక్స్ కింది బోల్టు తిప్పాడు. ముందు నీళ్లు పడ్డాయి, మట్టి రంగువి, ధారగా. నీళ్లన్నీ అయిపోయాక గేర్ ఆయిల్ మెల్లగా సాగుతూ దిగింది. ఇన్ని రోజులూ కదలకుండా ఉన్న బండిలో నీళ్లు అడుగుకు చేరి, నూనె పైన తేలి కూర్చుంది. గేర్‌బాక్స్‌కు ఊపిరాడటానికి పైన సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. దానిలోంచి దూరిన నీళ్లు ఇవి. డ్రైవర్ డబ్బాలోకి చూశాడు.

"దింపు," అన్నాడు.

ఏ బండికైనా రెండూ కలిపే దింపాలని మెకానిక్ అంటే నేనైతే ఎందుకని అడుగుతాను. క్లచ్ ప్లేటు అరిగితే గేర్‌బాక్స్ ఒక్కటి చాలు. హెడ్ గాస్కెట్ పోతే ఏదీ దింపక్కర్లేదు. అంబాసిడర్ కాలంలో ఇంజన్ నిలువుగా కూర్చునేది, వెనక గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టి ఇంజన్‌ను ముందుకు లాగి చైన్‌తో పైకి లేపేవాళ్లు. ఇంకా వెనక్కి వెళ్తే ఈ పేచీయే లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చింది. అది చేతికందకముందే ఆయన 1911లో పోయారు. సిల్వర్ ఘోస్ట్‌లో ఇంజన్ ఒకచోట, గేర్‌బాక్స్ దాని వెనక విడిగా ఇంకోచోట. మధ్యలో చిన్న షాఫ్టు. ఏది కావాలంటే అది తీసుకోవచ్చు.

డిజైర్‌లో ఇంజన్ ఒక్కదాన్నే తీయడం అలా కుదరదు. ఇంజన్ అడ్డంగా ఉంటుంది, దాని పక్కనే గేర్‌బాక్స్, ఆ పక్కన ఛాసిస్ గోడ. గేర్‌బాక్స్‌ను దాని చోటే వదిలి ఇంజన్‌ను విడదీయాలంటే లోపలి షాఫ్టు క్లచ్ ప్లేటులోంచి పూర్తిగా జారాలి, అంత జాగా అక్కడ ఉండదు. ఒకవేళ లాగినా, బరువంతా షాఫ్టు మీద వేలాడితే క్లచ్ ప్లేటు ఖతం.

షెడ్‌లో ముందు బ్యాటరీ తీశారు. రేడియేటర్ గొట్టాలు, వైర్ల కనెక్టర్లు విప్పి ఒక్కోదానికీ షాగిర్దు రంగు టేపు చుట్టాడు. ఏసీ కంప్రెషర్ గ్యాస్ పోకుండా గొట్టాలతో సహా పక్కకు తిప్పి తాడుతో కట్టారు. చక్రాల దగ్గర విప్పి రెండు యాక్సిళ్లూ గేర్‌బాక్స్‌లోంచి బయటికి పీకారు. గేర్ కేబుళ్లు, సైలెన్సర్ ముందు పైపు, అన్నిటికన్నా కింద చక్రాల ఫ్రేము. ఆ బోల్టుల దగ్గరే సగం రోజు పోయింది. నీళ్లలో నానిన బోల్టు తల తెగితే ఆ రోజు పని అక్కడితో సరి. ఉస్తాద్ డీజిల్ పోస్తాడు, సుత్తితో తడతాడు, కొంచెం వదులు చేసి మళ్లీ కొంచెం బిగిస్తాడు. తొందర లేదు.

పై దూలానికి చైన్ పుల్లీ కట్టి ఇంజన్ బరువు దాని మీదికి తెచ్చాక చివరికి ఇంజన్‌ను పట్టి ఉంచే ఫౌండేషన్లు విప్పారు. ఇంజనే 130 కిలోలు, గేర్‌బాక్స్‌తో ఇంకో ముప్పై నలభై. గొలుసు ఒక్కో లంకె దిగుతుంటే షాగిర్దు రెండు చేతులతో పట్టుకుని తిరగకుండా ఆపాడు. కింద పాత టైరు మీద కూర్చోబెట్టి, బండి ముందు భాగం పైకి లేపి, టైరుతో సహా బయటికి ఈడ్చారు.

నేల మీద విడదీసినప్పుడు కూడా గేర్‌బాక్స్ రాలేదు. బోల్టులన్నీ తీసినా పట్టుకునే ఉంది. క్లచ్ ప్లేటు నడిమి పళ్లలో షాఫ్టు తుప్పుతో బిగుసుకుపోయింది. రెండు వైపులా రాడ్లు పెట్టి ఇద్దరూ కూర్చుని లాగితే అప్పుడు ఊడింది. డ్రైవర్ అప్పటిదాకా నిలబడే ఉన్నాడు.

"ఇగో, ఇదే బండ్లుంటే?" అన్నాడు ఉస్తాద్. జవాబు కోసం ఆగలేదు.

మర్నాడు హెడ్ విప్పారు. ఒక్కో పిస్టన్‌నూ పైదాకా తెచ్చి, బ్లాక్ మీద ఇనుప స్కేలు అడ్డం పెట్టి చూశాడు. ఒకటి, రెండు, నాలుగు సరిగ్గా వచ్చాయి. మూడోది గోరు మందం కిందే ఆగిపోయింది. ఉస్తాద్ స్కేలు పక్కన పెట్టాడు.

"సెల్ఫ్‌తోని గింత వంగదు. తోపిచ్చినవా?"

"... గల్లీ పోరగాళ్లు తోసిన్రు. సెకండ్ గేర్ల క్లచ్ ఇడిచిన."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

ఉస్తాద్ నవ్వాడు. షాగిర్దూ నవ్వాడు. కాసేపటికి డ్రైవర్‌కూ నవ్వొచ్చింది.

మూడో రాడ్ మార్చారు. బేరింగులు, రింగులు, గాస్కెట్లు, క్లచ్ సెట్టు కొత్తవి. మారుతి ఆ ఏడాది ఏప్రిల్‌లోనే డీజిల్ కార్లు ఆపేసినా సామాన్లకు కరువు లేదు. గేర్‌బాక్స్ పళ్లకు ఏమీ కాలేదు, రెండు బేరింగులు మాత్రం తుప్పుతో గరగరలాడాయి. వాటిని మార్చి మళ్లీ జోడించి, దింపిన దారినే ఎక్కించారు. మజూరీలో సగం నగదు, సగం రెండు వాయిదాలు.

బండి స్టార్టయ్యాక డ్రైవర్ గల్లీ చివరిదాకా పోయి వచ్చాడు.

"ఐదొందల కిలోమీటర్లు తిరిగినంక ఆయిల్ మార్చెతందుకు రా," అన్నాడు ఉస్తాద్.

"గేర్‌బాక్స్‌ది గుడనా?"

"గుడ."